రాయి స్వభావం తెలిశాకే సొరంగం

స్విట్జర్లాండ్‌లోని గోథార్డ్ బేస్ టన్నెల్ పొడవు 57 కిలోమీటర్లు. ప్రపంచంలో ఇంతకంటే పొడవైన రైల్వే సొరంగం లేదు. 1882 నాటి పాత సొరంగం చేరడానికి గూడ్సు రైళ్లు సముద్రమట్టానికి 1,100 మీటర్లకు పైగా ఎత్తుకు ఎక్కాల్సి వచ్చేది. 2016 జూన్‌లో ప్రారంభమైన ఈ కొత్త దారి ఎక్కడా 550 మీటర్ల ఎత్తు దాటదు. అంటే ఆల్ప్స్ పర్వతాల అడుగు నుంచే వెళుతుంది. కొన్నిచోట్ల పట్టాల మీద 2,300 మీటర్ల మందాన రాయి ఉంది. నాకు పొడవు కంటే ఈ లోతే గొప్పగా తోస్తుంది. అంత కింద ఎలాంటి రాయి తగులుతుందో పైనుంచి కచ్చితంగా చెప్పడం ఎవరి తరం?

నిపుణులు ఎక్కువగా భయపడింది పియోరా అనే చోట. అక్కడ డోలమైట్ రాయి కొన్నిచోట్ల నీటిలో నాని, చక్కెర పలుకుల్లా రాలిపోతుంది. ఆ పొర సొరంగం మట్టం దాకా దిగి ఉంటే ఆ దారే వదులుకోవాల్సి రావచ్చు. అందుకని 1990లలోనే కాస్త ఎగువన ఒక పరిశీలన సొరంగం తవ్వారు. 1996లో అక్కడి నుంచి వేసిన బోరు పియోరా పొరను తాకగానే నీరూ ఇసుకా ఉధృతంగా విరుచుకుపడ్డాయి. అయినా ఆగకుండా, ఏటవాలుగా కిందికి బోర్లు వేశారు. అసలు సొరంగం మట్టంలో రాయి గట్టిగా, పొడిగా ఉందని తేలింది! 2008లో తవ్వే యంత్రం ఆ చోటును నిరాటంకంగా దాటింది.

ఇదే దారిలోని సెద్రున్ అనే ఊరి దగ్గర సమస్య వేరు. అక్కడి నలిగిన రాయి, తవ్విన ఖాళీని పూడ్చేయాలన్నట్టు నెమ్మదిగా లోపలికి జరుగుతుంది. యంత్రం దించితే ఇరుక్కుపోతుంది. అందుకే 800 మీటర్ల నిలువు బావిలోంచి దిగి, యంత్రం లేకుండానే తవ్వారు. కావలసినదానికంటే వెడల్పుగా తవ్వి, ఒత్తిడికి ఒకదానిలోకి ఒకటి జారే ఉక్కు కమానులు అమర్చారు. ఆ కదలిక నెమ్మదించాకే లోపలి కాంక్రీటు పోశారు. కొండకు ఎదురొడ్డకుండా, దానికి కాస్త చోటిచ్చిన ఈ ఉపాయం నాకెంతో నచ్చింది.

లోపలి రాయి 45 డిగ్రీల దాకా వేడి. తవ్వినన్నాళ్లూ పనిచోట గాలిని 28 డిగ్రీలకు చల్లబరుస్తూ ఉండాల్సి వచ్చింది.

2010 అక్టోబర్ 15న రెండు వైపుల తవ్వకాలు కలిసినప్పుడు వచ్చిన తేడా పక్కకు 8 సెంటీమీటర్లు, నిలువుగా 1 సెంటీమీటరు. ఇంత జాగ్రత్తలోనూ తొమ్మిది మంది కార్మికులు చనిపోయారు. ఆ 8 సెంటీమీటర్లను మెచ్చుకునే ప్రతిచోటా ఈ తొమ్మిది మందినీ చెప్పుకోవాలి.