యానిమేషన్ సినిమాలు: అపోహలు - వాస్తవాలు (నాకు నచ్చినవీ, నిరాశపరిచినవీ కలిపి)

నేను క్యారెక్టర్ యానిమేటర్‌ని, హైదరాబాద్‌లో స్టూడియో పని. ఈ సంగతి తెలియగానే చుట్టాల్లో ఎవరో ఒకరు "మా బుడ్డోడు కూడా కార్టూన్లు తెగ చూస్తాడు" అంటారు. తర్వాత "ఇంతకీ నీకు ఏ సినిమా ఇష్టం?" అని అడుగుతారు. నేను చెప్పిన పేర్లు విని సగం మంది వాదనకు దిగుతారు. ఆ వాదనల్లో పదేపదే వినిపించే మాటలు కొన్ని ఇవి.

అపోహ: ఎంత నిజంలా కనిపిస్తే అంత గొప్ప యానిమేషన్

నా నిరాశల్లో పెద్దది ఇక్కడే ఉంది: 2019లో వచ్చిన 'ద లయన్ కింగ్'. పనితనంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. జూలులో వెంట్రుక వెంట్రుకా కనిపిస్తుంది, ఎండ పడిన గడ్డి అచ్చం గడ్డిలానే ఉంటుంది. సినిమా మొత్తంలో నిజం కెమెరాతో తీసిన షాట్ ఒక్కటే, అది మొదట్లో వచ్చే సూర్యోదయం అని దర్శకుడు జాన్ ఫావ్రో స్వయంగా చెప్పాడు. అంటే మిగిలిందంతా మాలాంటి యానిమేటర్లు చేసిందే. అయినా నాకు ఎక్కడా గుండె కదల్లేదు.

కారణం తెలియాలంటే 1994లో చేత్తో గీసిన పాత 'లయన్ కింగ్'లో రాజు తమ్ముడు, విలన్ అయిన స్కార్‌ని చూడండి. ఆ పాత్రకు యానిమేషన్ చేసిన ఆండ్రియాస్ దేజా దానికి మనిషి పొగరు మొత్తం పెట్టాడు. ఒక కనుబొమ్మ ఎగరేస్తాడు, గడ్డం పైకెత్తి కళ్లు కిందికి వాల్చి మాట్లాడతాడు, అన్న ఎదురుగా ఉండగానే గోళ్లు బండకేసి గీస్తాడు. అసలు సింహానికి కనుబొమ్మలు ఉండవు, పెదాలు అలా వంకర తిరగవు. నిజం సింహాన్నే చూపించాలని ఒట్టు పెట్టుకుంటే ఇవన్నీ వదులుకోవాల్సిందే. 2019లో వదులుకున్నారు. పిల్ల సింహం సింబా రాజు కావాలని తహతహలాడే పాటలో కూడా అంతే. పాత సినిమాలో ఆ పాట మొదలవగానే అడవి రంగులన్నీ మారిపోతాయి, జంతువులు ఒకదాని మీద ఒకటి ఎక్కి గోపురం కడతాయి. కొత్తదాంట్లో పిల్ల సింహాలు నీటిగుంట చుట్టూ పరుగెడతాయి, అంతే. తెలుగులో నాని, జగపతిబాబు, బ్రహ్మానందం, అలీ గొంతులిచ్చారు. సింబా స్నేహితులు పుంబా, టిమోన్ల మాటలకు థియేటర్ బాగానే నవ్వింది. ఆ అల్లరి గొంతుల్లో ఉంది గానీ ముఖాల్లో లేదు.

మోషన్ క్యాప్చర్ (నటుడి కదలికల్ని రికార్డు చేసి బొమ్మకు ఇవ్వడం) కథా ఇంచుమించు ఇదే. 2001 నాటి 'ఫైనల్ ఫాంటసీ', 2004 నాటి 'పోలార్ ఎక్స్‌ప్రెస్', మన దగ్గర 2014లో 'విక్రమసింహ'గా వచ్చిన రజనీకాంత్ 'కోచ్చడయాన్', ఈ మూడింటిలోనూ నన్ను ఇబ్బంది పెట్టింది కళ్లే. నటుడి ఒంటి మీద, ముఖం మీద మార్కర్లు అంటించి కదలిక పట్టుకోవచ్చు, కంటిగుడ్డు మీద అంటించలేం కదా. చూపు ఎప్పుడు తిరగాలి, రెప్ప ఎప్పుడు పడాలి అన్నది యానిమేటర్ కూర్చుని షాటు షాటుకీ తేల్చాలి. దానికి టైమ్ ఇవ్వకపోతే రజనీకాంత్ ముఖమైనా బొమ్మలానే ఉంటుంది.

ఈ చిక్కు 1937లోనే మొదలైంది. 'స్నో వైట్' కోసం మార్జ్ ఛాంపియన్ అనే డాన్సర్‌తో నటింపజేసి, ఫిల్మ్ తీసి, దాన్ని చూస్తూ బొమ్మలు గీశారు. రాకుమారుడి దగ్గరకొచ్చేసరికి మగవాణ్ని నమ్మేలా గీయడం కష్టమై అతని పాత్రనే కుదించేశారు. అదే సినిమాలో బంగాళదుంపల్లాంటి ముక్కులున్న మరుగుజ్జులు మాత్రం స్నో వైట్ శవం దగ్గర ఏడుస్తుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. ఆ షాట్లు ఫ్రాంక్ థామస్‌వి. ఒకసారి ఆగి చూడండి, వాళ్లు దాదాపు కదలరు. తల కాస్త వంగుతుంది, కన్నీటి చుక్క జారుతుంది. అంతకు మించి కదిలిస్తే ఏడుపు కాస్తా వేషం అయిపోయేది.

అపోహ: ఫ్రేములు ఎక్కువైతే యానిమేషన్ బాగుంటుంది

సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో ఫ్రేముకు ఒక్కో కొత్త బొమ్మ పెడితే 'వన్స్' అంటాం. ఒకే బొమ్మను రెండు ఫ్రేములు నిలిపితే 'టూస్', అంటే సెకనుకు 12 బొమ్మలే. చేత్తో గీసిన సినిమాల్లో చాలా భాగం టూస్ మీదే నడిచింది. డబ్బు ఆదా ఒక కారణం, కానీ నిదానంగా సాగే కదలికకు టూస్ చక్కగా సరిపోతుంది కూడా. 2018లో వచ్చిన 'స్పైడర్‌మ్యాన్: ఇన్‌టు ద స్పైడర్‌వర్స్' దీన్ని కథకే వాడుకుంది. అడవిలో ఇద్దరు స్పైడర్‌మ్యాన్‌లు వల పట్టుకుని ఊగే సీన్‌లో అనుభవం ఉన్న పీటర్ వన్స్ మీద నున్నగా వెళ్తాడు, ఇంకా నేర్చుకుంటున్న మైల్స్ టూస్ మీద తడబడుతూ వెళ్తాడు. ప్రేక్షకుడికి లెక్క తెలియనక్కర్లేదు, మైల్స్ వెనకబడ్డాడని ఒంటికి తెలుస్తుంది. కొత్తవాటిలో నాకు బాగా ఇష్టమైన సినిమా ఇదే.

(పనిలో పని, ఇంట్లో టీవీ సెట్టింగ్స్‌లోకి వెళ్లి మోషన్ స్మూతింగ్ ఆఫ్ చేయండి. అది మేం పెట్టని ఫ్రేములను మధ్యలో సొంతంగా ఇరికిస్తుంది. మైల్స్ తడబాటు కాస్తా జారుడుబండ అవుతుంది.)

ఇక అసలు కదలకపోవడం గురించి. జపాన్ దర్శకుడు మియజాకి తీసిన 'మై నైబర్ టొటొరో'లో బస్టాప్ సీన్ చూడండి. వాన. అక్క వీపు మీద చెల్లి నిద్రపోతోంది. పక్కన నెత్తిన ఆకు పెట్టుకుని ఓ పెద్ద జీవి వచ్చి నిలబడుతుంది. అక్క గొడుగు ఇస్తుంది. చెట్టు మీంచి చినుకు టప్‌మని గొడుగు మీద పడితే దాని కళ్లు పెద్దవవుతాయి. ఇంకొన్ని చినుకులు పడతాయి, ఇకిలిస్తుంది. ఆ తర్వాత ఒక్క గెంతు గెంతితే చెట్ల మీది నీళ్లన్నీ జలజలా రాలిపడతాయి. ఆ గెంతు అంత బాగా పేలడానికి అంతకుముందు వాళ్లు అంతసేపు ఊరికే నిలబడటమే కారణం. మా దగ్గర అలా నిలిపితే "షాట్ డెడ్‌గా ఉంది, ఏదైనా కదిలించు" అని నోట్ వస్తుంది.

అపోహ: ఇవన్నీ పిల్లల సినిమాలు

1988 ఏప్రిల్ 16న జపాన్‌లో ఆ 'టొటొరో'తో జతగా విడుదలైన సినిమా తకహత తీసిన 'గ్రేవ్ ఆఫ్ ద ఫైర్‌ఫ్లైస్'. యుద్ధంలో తల్లిని పోగొట్టుకున్న అన్నాచెల్లెళ్లు ఆకలితో చనిపోయే కథ. ఇక ఈ అపోహ గురించి మాట్లాడటం అనవసరం.

అపోహ: ఇప్పుడు అంతా కంప్యూటరే చేసేస్తుంది

1995లో 'టాయ్ స్టోరీ' బొమ్మల కథ కావడం వెనక టెక్నాలజీ కారణం కూడా ఉంది. అప్పటి కంప్యూటర్ ఏది రెండర్ చేసినా (అంటే తెర మీది బొమ్మగా మార్చినా) ప్లాస్టిక్‌లా కనిపించేది, అందుకే ప్లాస్టిక్ బొమ్మల్నే హీరోలను చేశారు. ఇవాళ చూస్తే అందులో మనుషులు, కుక్క ఘోరంగా ఉంటారు. కానీ వ్యోమగామి బొమ్మ బజ్ తన ప్రకటన తానే టీవీలో చూసి, తాను బొమ్మనని నమ్మలేక, మెట్ల పైనుంచి ఎగరబోయి కిందపడి చెయ్యి ఊడగొట్టుకునే సీన్‌కు ఏ వంకా పెట్టలేం. 2025లో ఆస్కార్ గెలిచిన లాత్వియా సినిమా 'ఫ్లో'ను ఉచితంగా దొరికే బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్‌లో చేశారు. అందులో పిల్లి బొచ్చు కూడా సరిగా ఉండదు. మాటలు అసలే లేవు. అయినా దాని నడకలో భయం కనిపిస్తుంది.

అపోహ: పాతవన్నీ ఆణిముత్యాలు, ఆడనివన్నీ చెత్త

1973 నాటి 'రాబిన్‌హుడ్' డాన్సులో 'స్నో వైట్', 'జంగిల్ బుక్' సినిమాల కదలికల మీదే కొత్త బొమ్మలు గీసి సర్దేశారు. ఒకసారి తెలిశాక ఇక అదే కనిపిస్తుంది, నాకైతే ఆ పాట పోయింది. మరోవైపు 1959లో 'స్లీపింగ్ బ్యూటీ' మొదటి విడుదలలో డబ్బు తిరిగి తేలేదు. ఐవిండ్ ఎర్ల్ వేసిన ఆ చెట్లనూ రాళ్లనూ బ్యాక్‌గ్రౌండ్ ఆర్టిస్టులు ఇప్పటికీ పక్కన పెట్టుకుని చూస్తారు. 1999లో 'ఐరన్ జెయంట్' కూడా అలాగే దెబ్బతింది. చేత్తో గీసిన పిల్లాడి పక్కన కంప్యూటర్‌లో చేసిన రోబో విడిగా కనిపించకూడదని, దాని గీతలు కాస్త వణికేలా చేశారు. అంత శ్రద్ధ పెట్టిన సినిమాను జనం చూడలేదు. 2019 'లయన్ కింగ్' 160 కోట్ల డాలర్లకు పైగా తెచ్చింది. లెక్క లెక్కే, నా జాబితా నాదే.

అపోహ: యానిమేషన్ మనవాళ్లకు చేతకాదు

జపాన్ దర్శకుడు యుగో సాకో, మన యానిమేటర్ రామ్ మోహన్ లాంటివాళ్లు కలిసి పనిచేసిన జపాన్-ఇండియా 'రామాయణ: ద లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ' అప్పట్లో ఇక్కడ థియేటర్లలో సరిగా విడుదలే కాలేదు. మా తరం దాన్ని టీవీలో చూసింది. 2025 జనవరిలో పెద్ద తెరకు వచ్చింది, కుంభకర్ణుడు లేచే సీన్‌లో ఆ బరువు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. 2005లో 'హనుమాన్' పిల్లల్ని థియేటర్‌కు రప్పించింది. మన సింగీతం శ్రీనివాసరావు గారు కూడా 'సన్ ఆఫ్ అల్లాద్దీన్', 'ఘటోత్కచ' చేశారు. ప్రయత్నాలకు లోటు లేదు, ఎప్పుడూ లోటు పడింది టైమూ జీతాలే. ఏళ్ల తరబడి ఇక్కడి స్టూడియోల్లో బయటి దేశాల పనే ఎక్కువ నడిచింది, కథ వాళ్లది, షాట్లు మనవి.

2025లో 'మహావతార్ నరసింహ' వచ్చి ఆ మాటను చాలావరకు కొట్టేసింది. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. స్తంభం పగిలాక వచ్చే పోరాటం అదిరిపోయింది. దానికి ముందు మామూలు సంభాషణల్లో పాత్రలు బిగుసుకుపోయాయి, నడుస్తుంటే పాదాలకు నేల తగిలినట్టు ఉండదు, ప్రహ్లాదుడి ముఖంలో రెండు మూడు భావాలే తిరుగుతాయి. జనం భక్తితో వాటిని దాటేశారు. మరోసారి దాటేస్తారని అనుకోను. ఇదే వరుసలో పరశురాముడి సినిమా ప్రకటించారు. గొడ్డలి ఎత్తేటప్పుడు భుజం ముందు కదులుతుందా, చెయ్యి ముందు కదులుతుందా అని నేను మొదటి ఆటలోనే చూస్తాను.