పదేళ్లు దాటిన చిన్న కారు: అపోహలు - వాస్తవాలు

హన్మకొండలోని మా షెడ్డుకు వచ్చే బండ్లలో ఎక్కువ ఆల్టోలు, వాగనార్లు, స్విఫ్టులు, ఐ10లు, శాంత్రోలే. చాలావరకు పదేళ్లు దాటినవే. ఎవరో ఏదో చెప్పారని మంచి కండిషన్‌లో ఉన్న బండిని అగ్గువకు అమ్ముకునేవాళ్లు కొందరు. పైన పాలిష్ చూసి, లోపల పాడైన బండిని కొనుక్కునేవాళ్లు ఇంకొందరు. రెండు చోట్లా నష్టపోయేది పైసా పైసా కూడబెట్టుకున్న మధ్యతరగతి కుటుంబమే. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: లక్ష కిలోమీటర్లు దాటితే ఇంజిన్ అరిగిపోయి బోరుకొచ్చినట్టే.

వాస్తవం: టైముకు ఆయిల్ మార్చిన చిన్న పెట్రోల్ ఇంజిన్ లక్షకు అలసిపోదు. రెండు లక్షలు దాటినా పొగ కొట్టని బండ్లు మా దగ్గరికి వస్తూనే ఉంటాయి. మన దగ్గర ఇంజిన్లను ముంచేది వేడి. ఎండాకాలం రామగుండం వైపు 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ తగ్గితే చాలామంది బోరు నీళ్లు పోసేస్తారు. ఆ నీళ్లలోని లవణాలు రేడియేటర్ సన్నటి గొట్టాల్లో గార కడతాయి. కూలెంట్‌లో తుప్పు పట్టకుండా ఆపే మందు ఉంటుంది, పైగా కూలెంట్ ఉత్త నీళ్ల కంటే ఎక్కువ వేడికి గానీ మరగదు. బోరు నీళ్లు పోస్తూ పోతే ఈ రెండు లాభాలూ పోతాయి.

ఈ ఇంజిన్ల హెడ్, అంటే పై భాగం, అల్యూమినియంది. ఒక్కసారి గట్టిగా వేడెక్కితే వంగుతుంది, దాని కింద ఉండే గ్యాస్కెట్ (సీలు) పోతుంది, కూలెంట్ వెళ్లి ఆయిల్‌లో కలుస్తుంది. చిన్న ఖర్చుతో పోయే పని ఇంజిన్ దించే దాకా వెళ్లేది ఇక్కడే.

మేడారం జాతర రద్దీలో హీటెక్కి ఆగిపోయే బండ్లను చూడండి. అంతకు ముందు రోజు వరకు హైవే మీద బాగా నడిచినవే. వేగంగా వెళ్తున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది కాబట్టి ఫ్యాన్ పనిచేయకపోయినా తెలియదు. ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడే బయటపడుతుంది. దూరం వెళ్లే ముందు బండిని స్టార్ట్‌లో ఉంచి, ఏసీ వేసి, ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూసుకోండి. కొన్ని చిన్న కార్లలో టెంపరేచర్ ముల్లు ఉండదు, ఎర్ర లైటు మాత్రమే ఉంటుంది. అది వెలిగాక ‘ఇంకో రెండు కిలోమీటర్లే కదా’ అనుకోవద్దు. పక్కకు తీసి ఇంజిన్ ఆపేయండి. వేడి మీద మాత్రం రేడియేటర్ మూత తీయకండి, ముఖం కాలుతుంది.

అపోహ: పాత ఇంజిన్‌కు చిక్కటి ఆయిల్ పోస్తే మంచిది.

వాస్తవం: శబ్దం కొంచెం తగ్గుతుంది, అంతే. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు చిక్కటి ఆయిల్ పైదాకా ఆలస్యంగా చేరుతుంది. ఎక్కువ అరుగుదల జరిగేది ఆ కొద్ది క్షణాల్లోనే. కంపెనీ పుస్తకంలో రాసిన గ్రేడే పోయించండి.

అపోహ: మీటరు తక్కువ తిరిగింది, కొత్త బండితో సమానమే.

వాస్తవం: నాకు బాగా బాధనిపించేది ఈ నమ్మకమే. పిల్లలు అమెరికాలో ఉంటారు, ఇంట్లో అమ్మానాన్నలు. బండి వారానికోసారి భద్రకాళి గుడికో, కూరగాయల మార్కెట్‌కో పోయి వస్తుంది. పదేళ్లలో ముప్పై వేలు కూడా తిరగదు. ‘తిరగలేదు కదా, సర్వీసు ఎందుకు’ అంటారు. కానీ రబ్బరుకు వయసే శత్రువు. టైర్లు, హోసులు (గొట్టాలు), బుష్‌లు (కీళ్ల దగ్గరి రబ్బరు ముక్కలు), బెల్టులు నిలబడే గట్టిపడి పగుళ్లు పడతాయి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి తిరగకపోయినా రెండేళ్లకోసారి మార్చాలి. దగ్గరి దూరాలే తిరిగితే ఇంజిన్ ఆయిల్ సరిగా వేడెక్కదు, అందులో చేరిన తడి పోదు, చివరికి మడ్డి కడుతుంది. కిలోమీటర్లు పూర్తికాకపోయినా ఏడాదికోసారి ఆయిల్ మార్చాల్సిందే.

వాల్వులు, పిస్టన్లు ఒకే లయలో కదిలేలా చూసే టైమింగ్ బెల్ట్ గురించి విడిగా చెప్పాలి. ఆల్టో 800, పాత శాంత్రో లాంటి వాటిలో టైమింగ్‌కు ఉండేది బెల్ట్. 2010 తర్వాత వచ్చిన స్విఫ్ట్, ఆల్టో కె10 లాంటి వాటిలో చైన్. చైన్ శబ్దం చేసి ముందే చెప్తుంది, బెల్ట్ చెప్పాపెట్టకుండా తెగుతుంది. చాలా ఇంజిన్లలో అది తెగితే వాల్వులు పిస్టన్లకు కొట్టుకుని వంగిపోతాయి. సెకండ్ హ్యాండ్‌లో బెల్ట్ బండి కొన్నారా, పాత బిల్లు చూపించకపోతే ముందు బెల్ట్ మార్పించండి.

టైరు మీద నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. గాట్లు ఎంత లోతుగా ఉన్నా ఆ అంకెలు చూడకుండా టైరు బాగుందనుకోకండి.

అపోహ: పదిహేనేళ్లు దాటితే స్క్రాప్‌కే.

వాస్తవం: పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్లు తిరగకూడదనే గొడవ ఢిల్లీ చుట్టుపక్కలది. మన దగ్గర సొంత కారు ఆర్‌సీకి పదిహేనేళ్ల గడువు ఉంటుంది. తర్వాత ఆర్టీఏలో ఫిట్‌నెస్ చూపించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి, ఐదేళ్లకు రెన్యువల్ చేయించుకోవచ్చు. ఈ భయంతో బండిని సగం ధరకు ఇచ్చేయకండి.

అపోహ: ఈ20 (ఇరవై శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్‌తో పాత ఇంజిన్ పోతుంది.

వాస్తవం: పోదు, కానీ ఏమీ కాదనీ అనలేం. ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కంటే దాదాపు మూడో వంతు తక్కువ కాబట్టి మైలేజీ కొంత పడిపోతుంది. 2023కు ముందు వచ్చిన చాలా బండ్ల రబ్బరు గొట్టాలు, సీళ్లు ఇంత ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. సర్వీసులో ఫ్యూయల్ హోసులు చూపించండి. పెట్రోల్ వాసన వస్తే ఆ రోజే తీసుకురండి. ట్యాంకులో పెట్రోల్‌ను నెలల తరబడి నిల్వ ఉంచకండి, ఇథనాల్ తేమను లాక్కుంటుంది.

అపోహ: వరదలో మునిగినా ఎండలో ఆరబెడితే చాలు.

వాస్తవం: 2023 జూలై వానలకు నయీంనగర్, హంటర్ రోడ్డు వైపు నీళ్లు ఎలా నిలిచాయో మనకందరికీ తెలుసు. మునిగిన బండిని స్టార్ట్ చేస్తే సిలిండర్లోకి చేరిన నీళ్లు గాలిలా నలగవు, పిస్టన్‌కు ఉండే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. సెల్ఫ్ కొట్టకుండా, బ్యాటరీ వైరు తీయించి, షెడ్డుకు లాగించుకు రండి. ఇంజిన్ బతికినా వైరింగ్ కనెక్టర్లు నెలల తర్వాత పచ్చగా చిలుము పడతాయి. అలాంటి బండ్లే కడిగి, సెంటు కొట్టి ఇంకో జిల్లాలో అమ్మకానికి పెడతారు. కొనేటప్పుడు సీటు బెల్టును చివరి దాకా లాగి చూడండి, బురద చార ఉంటే వదిలేయండి. స్టెప్నీ కింద, కార్పెట్ కింద కూడా చెయ్యి పెట్టి చూడండి.

అపోహ: ఇంజిన్ బాగుంటే బండి బాగున్నట్టే.

వాస్తవం: కొత్త కార్లలో డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసేది) తప్పనిసరి అయింది 2019లో. అంతకు ముందు అమ్మిన చిన్న కార్ల బేస్ మోడళ్లలో చాలావాటికి ఆ రెండూ లేవు. ఇంజిన్ ఎంత సాఫీగా తిరుగుతున్నా ఆ లోటు తీరదు. అలాంటి బండి ఊళ్లో తిరగడానికి బాగుంటుంది. పిల్లలను ఎక్కించుకుని హైదరాబాద్ హైవే మీద వెళ్లాల్సి వస్తే ఎనభై దాటించకండి, వెనక కూర్చున్నవాళ్లకూ బెల్టు పెట్టించండి. బయల్దేరే ముందు బ్రేక్ ప్యాడ్లు, ముందు చక్రాలను పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ బుష్‌లు ఎవరైనా మెకానిక్‌కు ఒకసారి చూపించుకోండి.