వేదాంత పాఠంలో వాదన: కొన్ని అపోహలు, వాస్తవాలు

మా ఊళ్లో ఆదివారం ఉదయం పూట శాంకరభాష్యంతో ఉపనిషత్తుల పాఠం చెబుతుంటాను. రిటైరైన మాస్టార్లు, గృహిణులు, ఇద్దరు ముగ్గురు సాఫ్ట్‌వేర్ కుర్రవాళ్లు వస్తారు. భాష్యంలోని చిక్కుల కన్నా, చర్చ అంటే ఏమిటో వారు ముందే మనసులో పెట్టుకుని వచ్చే అభిప్రాయాలను విప్పడమే నాకు ఎక్కువ పనిగా ఉంటుంది.

అపోహ: సాధకులు వాదించుకోకూడదు, వాదన అహంకారానికి గుర్తు.

వాస్తవం: గీత పదవ అధ్యాయంలో భగవంతుడు తన విభూతులను చెబుతూ "వాదః ప్రవదతామహమ్", అంటే వాదించేవారిలో వాదాన్ని నేనే, అన్నాడు. తర్కశాస్త్రానికి మూలగ్రంథమైన న్యాయసూత్రాలు చర్చను మూడు రకాలుగా విడదీశాయి. ప్రమాణంతోను, తర్కంతోను తత్త్వాన్ని తేల్చుకోవడానికి చేసేది వాదం. మాటల మెలికలతోనైనా సరే, గెలవడానికి చేసేది జల్పం. తనకంటూ ఒక పక్షాన్ని నిలబెట్టకుండా ఎదుటివాడి మాటను కొట్టివేయడమే పనిగా పెట్టుకున్నది వితండ. వితండవాదం అన్న మాట మన ఇళ్లలో నేటికీ తిట్టుగా బతికే ఉంది, పాపం వాదానికి ఉన్న గౌరవమే మధ్యలో జారిపోయింది.

అపోహ: పూర్వపక్షం అంటే పరమతాన్ని చిన్నబుచ్చడం.

వాస్తవం: పూర్వపక్షం అంటే ఖండించబోయే ముందు ఎదుటివారి మాటను మనమే చెప్పడం. దాన్ని బలహీనంగా చెబితే మన సిద్ధాంతమే బలహీనపడుతుంది. మాధవాచార్యుల సర్వదర్శనసంగ్రహం దేవుణ్ణి, పరలోకాన్ని ఒప్పుకోని చార్వాకంతోనే మొదలవుతుంది, ఆ మతాన్ని దాని మాటల్లోనే వినిపిస్తుంది. పాఠంలో మాట వేడెక్కినప్పుడు నేను పెట్టే నియమం కూడా ఇక్కడి నుంచి తీసుకున్నదే: ఎదుటివారి పక్షాన్ని, వారు "ఔను, నేనన్నది ఇదే" అని ఒప్పుకునేటట్టు తిరిగి చెప్పిన తరువాతే ఖండించాలి. చాలాసార్లు ఆ తిరిగి చెప్పడంలోనే సగం తగవు తీరిపోతుంది.

అపోహ: గురువును ఎదురు ప్రశ్నించడం అపచారం.

వాస్తవం: "పరిప్రశ్నేన", అంటే బాగా ప్రశ్నించి తెలుసుకో, అన్నది గీతే. ఇక బృహదారణ్యక ఉపనిషత్తులో గార్గి అనే విదుషి పండితసభలో ఒకసారి వారింపబడి కూడా, మళ్లీ లేచి యాజ్ఞవల్క్య మహర్షిని రెండు ప్రశ్నలు అడిగింది, సమాధానం దొరికాక ఆయనకు నమస్కరించమని సభకు తానే చెప్పింది.

అపోహ: ఒకే సంప్రదాయంలో చదివేవారికి భిన్నాభిప్రాయం ఉండకూడదు, "అంతా బ్రహ్మమే" అనుకుంటే ఐకమత్యం దానంతట అదే వస్తుంది.

వాస్తవం: ఈ అపోహకు నేనూ లొంగాను. అవిద్యకు, అంటే అజ్ఞానానికి, ఆశ్రయం ఏది అన్న చోట వాచస్పతి మిశ్రుని వ్యాఖ్య భామతి జీవుడంటుంది, ప్రకాశాత్మ యతి వ్యాఖ్య వివరణం బ్రహ్మమంటుంది. రెండూ శంకరుల మాటనే ఆధారం చేసుకుంటాయి, రెండూ జీవుడు, బ్రహ్మం ఒకటేననే అద్వైతమే. పదహారవ శతాబ్దంలో అప్పయ్య దీక్షితులు అద్వైతుల మధ్య ఉన్న ఇటువంటి భేదాలను కూర్చి సిద్ధాంతలేశసంగ్రహం రాశారు. అయినా అద్వైతం చీలిపోలేదు. ఈ సంగతి తెలిసి ఉండి కూడా, ఒక మాస్టారు వివరణ పక్షాన, ఒక కుర్రవాడు భామతి పక్షాన గొంతు పెంచిన రోజున, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అన్నట్టు ఎవరికి వారు కూర్చున్నారని విసుగెత్తి, "అంతా బ్రహ్మమే కదా, వదిలేయండి" అని పుస్తకం మూసేశాను. గదిలో ఇక ఎవరూ మాట్లాడలేదు, ఆ నిశ్శబ్దాన్నే శాంతి అనుకున్నాను. తరువాతి రెండు ఆదివారాలు కుర్రవాడు రాలేదు. నిజానికి అతని ప్రశ్న సరైనదే, ఆ పూట జవాబు సిద్ధంగా లేనిది నా దగ్గరే.

మూడో వారం అతణ్ణి ఫోన్ చేసి రప్పించాను. రోజూ అలవాటుగా అనేసే శాంతిమంత్రంలో "మా విద్విషావహై" (మేమిద్దరం ఒకరినొకరం ద్వేషించుకోకుందుము గాక) దగ్గర ఆగి, అది ద్వివచనమని, గురుశిష్యులిద్దరూ కలిసి చేసే ప్రార్థన అని చెప్పాను. విద్య నేర్చుకునే క్రమంలో ఏమరుపాటున శిష్యుని వల్ల గాని, ఆచార్యుని వల్ల గాని జరిగే అన్యాయం నుంచి ద్వేషం పుట్టవచ్చునని, దాని శమనానికే ఈ ఆశీస్సు అని తైత్తిరీయ భాష్యంలో శంకరులు రాసిన వాక్యం చదివి, ఆచార్యుని పొరపాటు ఏదో వారి ముందే ఒప్పుకున్నాను. మాస్టారు కళ్లజోడు తుడుచుకుని, పక్కన చాప మీద పెట్టుకున్న సంచీ తీసి అతనికి చోటిచ్చారు.

అవిద్యాశ్రయం సంగతి మా దగ్గర ఇంకా తేలలేదు. వచ్చే ఆదివారం భామతి పక్షం మాస్టారు చెప్పాలి, వివరణ పక్షం కుర్రవాడు చెప్పాలి.