69 పౌండ్ల మనిషి నుంచి 0.44 దాకా

2018 అక్టోబరు 11న ఇండోనేసియాలోని బాలిలో జరిగిన సమావేశాల్లో ప్రపంచ బ్యాంకు ఒక జాబితా విడుదల చేసింది. అందులో 157 దేశాలున్నాయి. ఒక్కో దేశానికి సున్నాకీ ఒకటికీ మధ్య ఒక అంకె ఇచ్చారు. సింగపూర్‌ 0.88తో అందరికంటే పైన ఉంది, చాద్‌ 0.29తో అట్టడుగున. భారత్‌కు 0.44 దక్కింది, 115వ స్థానం. దాని పేరు మానవ మూలధన సూచీ, అంటే హ్యూమన్‌ క్యాపిటల్‌ ఇండెక్స్‌.

ర్యాంకు చూసి నొచ్చుకున్నవాళ్లున్నారు, కొట్టిపారేసినవాళ్లూ ఉన్నారు. ఇంతకీ 0.44 అంటే ఏమిటి అని అడిగినవాళ్లు మాత్రం తక్కువ. పూర్తి ఆరోగ్యంతో పెరిగి, పూర్తి చదువు చదివితే ఒక బిడ్డ పెద్దయ్యాక ఎంత పని చేయగలదో దాన్ని 1 అనుకుంటారు. ఇవాళ్టి పరిస్థితుల్లో ఆ దేశంలో పుట్టిన బిడ్డ అందులో 44 శాతం దగ్గరే ఆగిపోతుందని ఆ అంకె చెబుతుంది. మనిషికి ఇలా అంకె కట్టడం ప్రపంచ బ్యాంకు కనిపెట్టిన విద్యేమీ కాదు. దీని వెనక మూడున్నర శతాబ్దాల చరిత్ర ఉంది. అందులో ప్రతి మలుపులోనూ ఒక ప్రశ్న వేసుకోవాలి: ఈ లెక్క ఎవరికి చూపించడానికి కట్టారు? కొలత ఆకారం చాలావరకు ఆ జవాబును బట్టే మారుతూ వచ్చింది.

మొదట చూపించాల్సింది రాజుకి. 1665 ప్రాంతంలో ఇంగ్లండ్‌ డచ్చివాళ్లతో యుద్ధంలో ఉంది, ఖజానాకు డబ్బు కావాలి. పన్నులు ఎవరి మీద ఎంత వేయాలో తేల్చడానికి విలియం పెట్టీ అనే ఆయన కూర్చుని లెక్క కట్టాడు. ఆయన చదివింది వైద్యం, చేసినవాటిలో ఐర్లండ్‌ భూముల సర్వే కూడా ఉంది. దేశంలో జనం 60 లక్షలు, వాళ్ల ఏడాది ఖర్చు 4 కోట్ల పౌండ్లు అనుకున్నాడు. భూములు, ఇళ్లు, ఓడలు, సరుకు అన్నీ కలిపి 25 కోట్ల ఆస్తి. దానిమీద ఏటా వచ్చేది కోటిన్నర. మిగతా రెండున్నర కోట్లు ఎక్కణ్నుంచి వస్తున్నట్టు? జనం రెక్కల కష్టం నుంచి. కోటిన్నర తెచ్చే ఆస్తి విలువ 25 కోట్లయితే, రెండున్నర కోట్లు తెచ్చే జనం విలువ ఎంత? బడిలో చెప్పే త్రైరాశికమే. 41 కోట్ల 70 లక్షల పౌండ్లు వచ్చింది. తలకు 69. పన్నుల భారమంతా ఆస్తుల మీదే మోపకండి, వాటికన్నా విలువైనది జనమే కదా, అక్కడ కూడా వసూలు చేయండి అన్నది ఆయన వాదన. మనిషి విలువ గురించిన తొలి లెక్క మనిషి మీద ప్రేమతో పుట్టింది కాదని దీన్నిబట్టి తెలుస్తోంది.

దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత అదే ఇంగ్లండ్‌లో విలియం ఫార్‌ ఈ లెక్కను ఇంకా సూక్ష్మంగా కట్టాడు. ఆయన జనన మరణాల నమోదు కార్యాలయంలో పనిచేసేవాడు. ఏ వయసువాళ్లు ఏటా ఎందరు పోతున్నారన్న పట్టికలు చేతిలో ఉన్నాయి. 1853లో ఆదాయపు పన్ను మీద చర్చ నడుస్తుండగా ఆయన కొత్త పద్ధతి ప్రతిపాదించాడు. మనిషి ఇకమీదట సంపాదించబోయేది ఎంతో చూసి, అందులోంచి అతని పోషణ ఖర్చు తీసేయాలి. మధ్యలో చనిపోయే అవకాశాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఆ పద్ధతిలో వ్యవసాయ కూలీకి వయసువారీగా కట్టిన విలువలు ఇప్పటికీ చదివినవాణ్ని వదలవు. అప్పుడే పుట్టిన బిడ్డ 5 పౌండ్లు. ఐదేళ్లకు 56. పదేళ్లకు 117. పాతికేళ్లకు 246, అదే శిఖరం. అక్కణ్నుంచి దిగుడే. డెబ్బై ఏళ్లకు 1 పౌండు. ఎనభైకి మైనస్‌ 41.

ఈ పట్టికలో క్రూరత్వం ఎంత ఉందో తెలివీ అంతే ఉంది. పుట్టిన బిడ్డకు 5, ఐదేళ్ల బిడ్డకు 56 కావడానికి ఒక కారణం ఆ రోజుల్లో చాలామంది పిల్లలు ఐదేళ్లలోపే చనిపోవడం. ఆరోగ్యం ఆర్థిక లెక్కల్లోకి చొరబడింది ఇలాగే, ఆయుర్దాయం రూపంలో.

చదువు సంగతి వేరు. 1776లోనే ఆడం స్మిత్‌ దేశ మూలధనంలో యంత్రాలు, భవనాలతోపాటు జనం నేర్చుకున్న పనితనాన్ని కూడా చేర్చాడు. తర్వాతి ఆర్థికవేత్తలు చాలామంది ఆ మాటను మర్యాదగా దాటేశారు. మనుషులను వేలం వేసి అమ్ముకున్న కాలం అది. మనిషిని ‘మూలధనం’ అంటే ఒంటికి పట్టదు. 1960లో అమెరికా ఆర్థికవేత్తల సంఘం అధ్యక్షుడిగా ప్రసంగించిన థియోడర్‌ షుల్ట్స్‌ ఈ ఇబ్బందిని నేరుగా ఎత్తుకున్నాడు. మనుషుల మీద పెట్టుబడి అన్న ఊహే కొందరికి ఏవగింపుగా ఉంటుందని ఒప్పుకుంటూనే, ఆ ఏవగింపు వల్ల మనం పెద్ద విషయాన్ని చూడలేకపోతున్నామన్నాడు. యుద్ధంలో నేలమట్టమైన దేశాలు లేవడానికి పట్టే కాలాన్ని నిపుణులు ఎక్కువగా అంచనా వేశారు. కూలిన ఫ్యాక్టరీలను లెక్కపెట్టారే గానీ, మిగిలి ఉన్న మనుషుల నైపుణ్యాన్ని లెక్కలోకి తీసుకోలేదని ఆయన వివరణ. గ్యారీ బెకర్‌ 1964లో తన పుస్తకానికి హ్యూమన్‌ క్యాపిటల్‌ అని పేరు పెట్టడానికి తటపటాయించాడట, ఆ మాట ఆయనే చెప్పుకున్నాడు. షుల్ట్స్‌కు 1979లో, బెకర్‌కు 1992లో నోబెల్‌ వచ్చింది. అయినా మాట మీద గుర్రు మాత్రం పోలేదు. జర్మనీలో ఏటా ఒక ‘చెడ్డ మాట’ను ఎంపిక చేసే పండితుల బృందం 2004లో ఎంచుకున్నది ఇదే మాటను.

సిద్ధాంతం నిలబడింది, మరి కొలవడం ఎలా? చేతికి అందింది బడిలో గడిపిన ఏళ్లు. ఒక ఏడాది ఎక్కువ చదివితే జీతం ఎంత శాతం పెరుగుతుందో జేకబ్‌ మిన్సర్‌ చూపించాడు. 1993లో రాబర్ట్‌ బారో, జాంగ్‌వా లీ అనే ఇద్దరు దేశాలవారీగా జనం సగటున ఎన్నేళ్లు చదివారో పట్టికలు తయారుచేశారు. ఇక పరిశోధకులకు పండగే. కానీ లెక్క సరిపోలేదు. చాలా దేశాల్లో చదివిన ఏళ్లు గబగబా పెరిగాయి, ఆదాయాలు ఆ వేగంతో పెరగలేదు. ఇంత చదువూ ఎక్కడికి పోయిందని 2001లో లాంట్‌ ప్రిచెట్‌ సూటిగానే అడిగాడు. జవాబులో ఒక ముక్క తరగతి గదిలోనే ఉంది. బడికి వెళ్లడం వేరు, నేర్చుకోవడం వేరు. పదిహేనేళ్ల విద్యార్థులకు దేశదేశాల్లో పెట్టే, 2000లో మొదలైన పీసా పరీక్షలు సంపన్న దేశాల మధ్య తేడాలు బయటపెడితే, 2005 నుంచి ప్రథమ్‌ సంస్థ చేస్తున్న అసర్‌ సర్వే ఇంకా సాదా పని చేసింది. ఇంటికి వెళ్లి పిల్లల చేతికి రెండో తరగతి స్థాయి పేరా ఇచ్చి చదవమంది. 2018లో కూడా పల్లెల్లోని ఐదో తరగతి పిల్లల్లో దాన్ని చదవగలిగింది సుమారు సగం మందే.

ఆరోగ్యానికి కూడా ఇలాంటి కళ్లు తెరిపించే ఆధారం కావలసివచ్చింది. దానికోసం గ్వాటెమాలా వెళ్లాలి. 1969లో అక్కడి పోషకాహార పరిశోధన సంస్థ తూర్పు ప్రాంతంలో నాలుగు ఊళ్లు ఎంచుకుంది. రెండు ఊళ్లలో మాంసకృత్తులు దట్టంగా ఉన్న జావలాంటి అతోలే పోసేవారు. మిగతా రెండు ఊళ్లలో ఫ్రెస్కో అనే తియ్యటి పానీయం, అందులో మాంసకృత్తులు లేవు. 1977లో అది ముగిసింది. పాతికేళ్ల తర్వాత పరిశోధకులు ఆ పిల్లలను, అంటే అప్పటికి పిల్లల తల్లిదండ్రులైనవాళ్లను, వెతుక్కుంటూ వెళ్లారు. పుట్టినప్పటి నుంచి రెండేళ్లు వచ్చేదాకా అతోలే తాగిన మగపిల్లలు పెద్దయ్యాక గంటకు 46 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారు. మూడేళ్లు దాటాక తాగినవాళ్లలో ఆ లాభం కనిపించలేదు. అదే జావ తాగిన ఆడపిల్లలు ఎక్కువ చదివారు గానీ, కూలిలో మాత్రం ఆ తేడా రాలేదు. ఈ చివరి వాక్యాన్ని కాస్త గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

పసితనంలో ఎత్తు పెరగక గిడసబారడం పెద్దయ్యాక జీతంలో కనబడుతుందని ఇలాంటి ఆధారాలతోనే తేలింది. అలా పిల్లల ఎత్తు కొలిచే బద్ద ఆర్థిక శాస్త్ర పరికరమైంది.

ఈలోగా మరో శాఖలో, 1990లో, మానవాభివృద్ధి సూచిక వచ్చింది. పాకిస్తాన్‌ ఆర్థికవేత్త మహబూబ్‌ ఉల్‌ హక్‌ దాన్ని తలపెట్టినప్పుడు మిత్రుడు అమర్త్య సేన్‌ మొదట ఒప్పుకోలేదు. బతుకుల్లోని ఇన్ని విషయాలను ఒక్క అంకెలో కుక్కడం మోటుతనమని సేన్‌ అభ్యంతరం. తలసరి ఆదాయం ఎంత మోటు అంకెనో అంత మోటు అంకె కావాలి, కాకపోతే అది మనుషుల బతుకులు చూడలేని గుడ్డిది కాకూడదు అన్నది హక్‌ పట్టు. పత్రికలవాళ్లు, రాజకీయ నాయకులు నివేదిక చదవరు, ర్యాంకు చదువుతారని ఆయనకు తెలుసు. మానవాభివృద్ధి సూచికలో ఆయుర్దాయం, చదువు వాటంతటవే విలువైనవి. మానవ మూలధనంలో అవి ఉత్పత్తికి పనికొస్తేనే విలువైనవి. రెండు సూచికలూ దాదాపు అవే విషయాలు కొలుస్తాయి కాబట్టి చాలామంది కలిపేస్తుంటారు గానీ, వాటి మనసులు వేరు.

మరి 2018 నాటి సూచీ ఎవరికోసం? ఆర్థిక మంత్రులకోసం. అప్పటి ప్రపంచ బ్యాంకు అధ్యక్షుడు జిమ్‌ యాంగ్‌ కిమ్‌ వృత్తిరీత్యా వైద్యుడు. వంతెన కడితే ఎన్నికలలోపు రిబ్బన్‌ కత్తిరించవచ్చు. పసిపిల్లకు పెట్టిన తిండి ఫలితం కనబడేసరికి ఇరవై ఏళ్లు, అప్పటికి ఎవరు మంత్రో! అందుకని ఆర్థిక మంత్రికి అర్థమయ్యే భాషలో, అంటే కోల్పోతున్న ఉత్పత్తి భాషలో చెప్పి, పక్క దేశంతో పోల్చి కాస్త సిగ్గుపడేలా చేయాలన్నది వ్యూహం. దానికి కొద్ది వారాల ముందే లాన్సెట్‌ వైద్య పత్రికలో 195 దేశాలకు ఇంకో కొలత వచ్చింది. 20 నుంచి 64 ఏళ్ల మధ్య, అంటే 45 ఏళ్లలో, ఆరోగ్యంగా, చదువుతో పనిచేయగల ఏళ్లు ఎన్ని అని అందులో చూశారు. ఫిన్లండ్‌ 28 ఏళ్లతో మొదటిది. 1990లో ఆరో స్థానంలో ఉన్న అమెరికా 2016కి 27కి జారింది.

ఇక 0.44 ఎలా వచ్చిందో చూద్దాం. భారత్‌లో పిల్లలు 18 ఏళ్లు వచ్చేలోపు సగటున 10.2 ఏళ్లు చదువుతారని సూచీ అంచనా. పరీక్షల్లో తెచ్చుకున్న మార్కులు 355, గీటురాయి 625. 10.2ను 355తో గుణించి 625తో భాగిస్తే 5.8. అంటే పదేళ్ల బడి ఆరేళ్ల నేర్పుకు కుదించుకుపోయింది. (సింగపూర్‌లో 13.9 ఏళ్లు తగ్గింది 12.9కే.) పూర్తి చదువు 14 ఏళ్లు కాబట్టి ఇంకా 8.2 ఏళ్ల లోటు. ఒక్కో ఏడాదికి సుమారు 8 శాతం చొప్పున, చక్రవడ్డీని తలకిందులు చేసినట్టు, తరుగు తీస్తే మిగిలేది 52 శాతం. పిల్లల్లో గిడసబారినవాళ్లు 38 శాతం, పదిహేనేళ్లవాళ్లలో అరవై దాకా బతికేది 83 శాతం. ఈ రెంటి కింద ఇంకో 12 శాతం దాకా పోతుంది. ఐదేళ్లు దాటి బతికేది నూటికి 96 మంది. మూడూ గుణించండి, 0.44. పెద్ద దెబ్బ ఎక్కడ పడిందో ఈ కూడికలు తీసివేతల్లో ఎవరికైనా కనబడుతుంది.

ఈ సూచీని పట్టించుకోబోమని భారత ప్రభుత్వం ప్రకటించింది. అభ్యంతరం ఆ 355 దగ్గరే. అది 2009లో కేవలం తమిళనాడు, హిమాచల్‌ ప్రదేశ్‌ రాసిన పీసా పరీక్షది, దాన్ని దేశం మొత్తానికి, అదీ తొమ్మిదేళ్ల తర్వాత ఎలా అంటగడతారని. న్యాయమైన ప్రశ్నే. ఒక్కో దేశం రాసిన పరీక్ష ఒక్కోటైనప్పుడు వాటన్నిటినీ ఒకే కొలబద్దకు అతికించడంలో అతుకులు కనబడతాయి. అలాగని ఐదో తరగతి పిల్లల్లో సగం మంది రెండో తరగతి పాఠం చదవలేకపోవడం పీసా చెప్పిన సంగతి కాదు, మన ఇళ్ల ముందు కూర్చుని అడిగితే తేలింది.

ఇంకో తగాదా కూడా ఉంది, నా దృష్టిలో ఇదే అసలైనది. చదువుకుని, ఆరోగ్యంగా ఉండి, పని దొరకకపోతే? 2020లో 174 దేశాలకు సూచీని సవరించినప్పుడు ప్రపంచ బ్యాంకే ఈ ప్రశ్న ఎత్తుకుంది. ఉన్న మూలధనంలో ఎంత వాడకంలో ఉందో కలిపి మరో అంకె కట్టింది. మామూలు సూచీలో అమ్మాయిలు అబ్బాయిలకు సమానంగా, నిజానికి ఓ పిసరు ముందే ఉన్నారు. వాడకం కలపగానే బాగా వెనకబడ్డారు, కారణం ఉద్యోగాల్లో వాళ్లు తక్కువగా ఉండడం. గ్వాటెమాలా ఊళ్లలో జావ తాగి ఎక్కువ చదివి, కూలి పెరగని ఆడపిల్లల కథే ఇది, ప్రపంచం మొత్తం మీద. ఇంట్లో వండి, పిల్లలను సాకి, ముసలివాళ్లను చూసుకునేవాళ్ల పని ఈ అంకెకు కూడా ‘వాడకం’ కింద లెక్కకు రాదు.

ఫార్‌ పట్టికలో డెబ్బై ఏళ్ల మనిషికి 1 పౌండయినా రాశారు. ఎనభై ఏళ్లవాడికి మైనస్‌ అయినా, అతని వరసంటూ ఒకటి ఉంది. ప్రపంచ బ్యాంకు సూత్రంలో పెద్దల ఆరోగ్యం కొలిచేది పదిహేను నుంచి అరవై ఏళ్ల దాకా. లాన్సెట్‌ కొలత అరవై నాలుగు దగ్గర ఆగుతుంది. ఆ తర్వాతి వయసుకు ఇప్పటి పట్టికల్లో గడి లేదు.