నాలుగు పరమాణువుల గండి

ఐఎస్ఓ 400 ఫిల్మును (ఈ అంకె ఫిల్ము వెలుతురుకు ఎంత చురుగ్గా స్పందిస్తుందో చెప్పే కొలత, దీన్నే వేగం అంటారు) 1600గా లెక్కగట్టి ఫొటోలు తీసి, బొమ్మను బయటికి తెచ్చే డెవలపర్ ద్రావణంలో చాలాసేపు ఉంచినా నీడల్లో వివరం ఎందుకు రాదు? బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము పట్టిన ప్రతివారికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఇది. జవాబు డెవలపర్ సీసాలో దొరకదు. ఫిల్ము పొరలోని స్ఫటికంలో వెతకాలి.

వెలుతురు తగిలితే సిల్వర్ బ్రోమైడ్ వెండిగా మారుతుందని పాఠాల్లో ఒక్క ముక్కలో తేల్చేస్తారు. విన్న పిల్లలు బొమ్మను గీసేది వెలుతురేనని అనుకుంటారు. అసలు లెక్క చూడండి. పక్క కొలత ఒక మైక్రాన్ ఉన్న స్ఫటికంలో దాదాపు 2,000 కోట్ల వెండి అయాన్లు ఉంటాయి. కెమెరాలో వెలుతురు వెండిగా మార్చేది వాటిలో నాలుగైదింటిని మాత్రమే! మిగతా పనంతా డెవలపర్‌దే.

ఫోటాన్, అంటే వెలుతురు కణం, తగిలినప్పుడు స్ఫటికంలో ఒక ఎలక్ట్రాన్ విడివడి, ఉపరితలం మీది సల్ఫర్ మచ్చ దగ్గర చిక్కుకుంటుంది. స్ఫటికంలో తిరుగాడే వెండి అయాన్ అక్కడికి చేరి, దాన్ని కలుపుకొని పరమాణువు అవుతుంది. ఈ వరసను గర్నీ, మాట్ అనే శాస్త్రవేత్తలు 1938లో వివరించారు. ఆ సల్ఫర్ మొదట్లో ఎక్కడిదనుకున్నారు? ఫిల్ము పొరలో స్ఫటికాలను పట్టి ఉంచే జెలటిన్ తీసిన పశువులు మేసిన ఆవజాతి మొక్కలది. ఆవాలకు ఘాటునిచ్చే పదార్థమే ఫిల్ముకు చురుకునిస్తోందని 1925 ప్రాంతంలో షెపర్డ్ అనే శాస్త్రవేత్త పట్టుకున్నాడు. ఇది ఎన్నిసార్లు తలచుకున్నా ఒళ్లు పులకరిస్తుంది.

ఒంటరి వెండి పరమాణువు ఎంతోసేపు నిలవదు, తిరిగి విడిపోతుంది. రెండయితే నిలుస్తాయి. మూడు నాలుగు చేరితేనే డెవలపర్ ఆ స్ఫటికాన్ని గుర్తుపడుతుంది.

స్ఫటికాలను గట్లు వేసిన మడులనుకోండి. ఎలక్ట్రాన్లు ఇచ్చే డెవలపర్ చుట్టూ పారే కాలువ. వెండి మచ్చ గట్టుకు పడిన గండి. గండి పడిన మడిలోకి నీరు దూకుతుంది, మడి మొత్తం నిండుతుంది, అంటే స్ఫటికమంతా నల్లని వెండి అవుతుంది. గండి లేని మడి ఎండిపోయే ఉంటుంది. కానీ గట్టు శాశ్వతం కాదు. కాలువను మరీ ఎక్కువసేపు వదిలితే నీరు గట్టు పొర్లి ఆ మడీ తడుస్తుంది. ఫాగ్ అనే బూడిద ముసుగు అదే. డెవలపర్‌లో పొటాషియం బ్రోమైడ్ చిటికెడు వేయడమంటే గట్టు ఎత్తు పెంచడం. వేడి పెంచడమంటే ప్రవాహం పెంచడం.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. 1600 అనుకుని తీస్తే ఫిల్ముకు అందే వెలుతురు నాలుగో వంతు. నీడ ప్రాంతంలోని మడుల్లో చాలావాటికి గండే పడలేదు. సమయం పెంచితే, చిన్న గండ్లతో ఆలస్యంగా నిండే మడులు కొన్ని అందుకుంటాయి, దానితో కొంచెం లాభం. వెలుతురు బాగా పడిన చోట మాత్రం మడులన్నీ నిండి నెగటివ్ మరీ నల్లబడుతుంది. పెరిగింది ముఖ్యంగా కాంట్రాస్టు, వేగం కాదు. ఫోమాపాన్ 400 లాంటి చవక ఫిల్మును నీడలకు ఎక్కువ వెలుతురు అందేలా చాలామంది 200, 250 దగ్గర తీయడం ఇందుకే.

మసక వెలుతురులో మరో చిక్కు. రెండో ఫోటాన్ వచ్చేలోగా మొదటి పరమాణువు విడిపోతుంది, గండి తనంతట తానే పూడిపోతుంది. ఫోమాపాన్ 100లో ఇది బాగా ఎక్కువ. వెలుతురు మీటరు 1 సెకను చూపితే 2 సెకన్లు, 10 చూపితే 80, 100 చూపితే 1,600 సెకన్లు ఇవ్వాలని తయారీదారే చెబుతాడు.

డెవలపర్ ఇంట్లోనే కలుపుకోవచ్చు. డీ-76 అనే పేరున్న డెవలపర్ ఫార్ములా లీటరుకు: మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2. 50 డిగ్రీల నీరు 750 మిల్లీలీటర్లు తీసుకుని, చిటికెడు సల్ఫైట్ వేశాక మెటాల్ కరిగించాలి. సల్ఫైటంతా ముందే పోస్తే మెటాల్ కరగదు. తర్వాత మిగతా సల్ఫైట్, హైడ్రోక్వినోన్, బోరాక్స్ అదే వరసలో, ఒకటి పూర్తిగా కరిగాకే మరొకటి. చివరికి చల్లని నీటితో లీటరు చేయాలి.

ప్రామాణిక వేడి 20 డిగ్రీలు. 24 దగ్గర సమయాన్ని దాదాపు 30 శాతం తగ్గించాలి. అలా తగ్గించాక 5 నిమిషాల లోపుకు వస్తే మచ్చలు, చారలు పడే ప్రమాదం ఉంది. అప్పుడు డెవలపర్‌ను సమానంగా నీటితో పలుచన చేసి, ఆ పలుచనకు ఇచ్చిన పెద్ద సమయం వాడండి. మొదటి 10 సెకన్లలో ట్యాంకును నాలుగుసార్లు తలకిందులు చేసి, ఆపై ప్రతి నిమిషం మొదట్లోనూ అలాగే చేయాలి. ఆడించకపోతే నిండిన మడుల నుంచి వచ్చిన బ్రోమైడ్ అక్కడే పేరుకుని పక్క మడుల గట్లనూ పెంచుతుంది. ఫిల్ము అంచునుండే స్ప్రాకెట్ రంధ్రాల పక్కన కనిపించే చారలకు అదొక కారణం.

ఎర్ర దీపం కింద ఫిల్మును రీలుకు చుట్టవచ్చన్న నమ్మకం ఇంకా పోలేదు. ఎర్ర దీపం ప్రింటు కాగితానికి. పాన్‌క్రొమాటిక్ ఫిల్ము ఎరుపును చూస్తుంది కాబట్టి దానికి కటిక చీకటే కావాలి.

ఫిక్సర్ ఎండిన మడులను కరిగించి తీసేస్తుంది. ఫిల్ము మొదటి కొస ముక్కను ఫిక్సర్‌లో వేసి, ఎన్ని సెకన్లలో తేటపడిందో చూసి, దానికి రెట్టింపు సమయం ఫిక్స్ చేయండి. కొత్త ఫిక్సర్‌కు పట్టిన దానికన్నా రెట్టింపు సమయం పడుతుంటే దాన్ని పారబోయాలి.

నెగటివ్ పలచగా వస్తే తప్పు గండిదో నీటిదో తేల్చడానికి ఫిల్ము అంచు చూడండి. అక్కడి అంకెలను ఫ్యాక్టరీలోనే వెలుతురుతో ముద్రిస్తారు. అంకెలు నల్లగా ఉండి బొమ్మ పలచగా ఉంటే కెమెరాలో వెలుతురు చాలలేదు. అంకెలూ వెలిసిపోయి ఉంటే డెవలపర్ బలహీనం, లేదా సమయం తక్కువ. అంకెలు బాగున్నా బొమ్మలే లేకపోతే చాలావరకు ఫిల్ము కెమెరాలో కదలలేదని అర్థం. అంకెలు కూడా లేకుండా ఫిల్మంతా గాజులా తేటగా ఉంటే, డెవలపర్ అసలు పనిచేయలేదు, లేదా దానికన్నా ముందే ఫిక్సర్ పోశారన్నమాట.