డిశ్చార్జి కాగితంలో లేని కోపం

రోడ్డు ప్రమాద బాధితులకు చేతినుంచి డబ్బు కట్టనవసరం లేకుండా వైద్యం అందించే పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2025 మే నెలలో నోటిఫై చేసింది. ఒక్కొక్కరికి లక్షన్నర రూపాయల వరకు, ప్రమాదం జరిగిన నాటినుంచి ఏడు రోజుల దాకా వర్తిస్తుంది. ప్రాణం నిలబెట్టడానికి ఇది చిన్న సాయమేమీ కాదు. కానీ తలకు గట్టి దెబ్బ తగిలిన మనిషి ఇంట్లో ఏడో రోజుకు అసలు కథ మొదలే కాదు.

కుట్లు విప్పుతారు. ఇంటికి తీసుకొస్తారు. చూడవచ్చిన చుట్టాలు వెళ్లిపోతారు. ఆ తరువాత రెండో నెలలోనో మూడో నెలలోనో భార్య గమనిస్తుంది: పొయ్యి మీద కూర మాడుతున్నా ఆయనకు వాసన తెలియడం లేదు. పిల్లవాడు పెన్సిలు కింద పడేస్తే చెయ్యెత్తుతున్నాడు. అడిగినవాడికల్లా అప్పు ఇచ్చేస్తున్నాడు. లేదంటే పొద్దున కూర్చున్న చోటునుంచి సాయంత్రం దాకా లేవడు. స్కాన్ బాగుందన్నారు కదా, మరి ఇదేమిటి? ‘మనిషి మారిపోయాడు’ అని ఆడపడుచుతో చెప్పుకుంటుంది. డాక్టరుతో చెప్పదు, ఆయన అడగడు కాబట్టి.

ఇంటివాళ్ల నోట మొదటి నుంచీ ఉన్న ఈ మాట వైద్యుల లెక్కల్లోకి ఎక్కడానికి వందేళ్లకు పైగా పట్టింది.

అందరూ చెప్పే ఉదాహరణ ఫినియస్ గేజ్‌ది. 1848 సెప్టెంబరు 13న అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో, కావెండిష్ దగ్గర రైలు మార్గం కోసం బండలు పేలుస్తున్న ఈ పాతికేళ్ల మేస్త్రీ ఎడమ చెంపలోంచి మూడడుగుల ఏడంగుళాల ఇనుప కడ్డీ దూరి నడినెత్తిన బయటపడింది. బతికాడు. చికిత్స చేసిన డాక్టర్ జాన్ హార్లో ఆ ఏడాదే రాసిన నివేదికలో గాయం మానిన వైనమే ప్రధానం. బూతులు, మొండితనం, పట్టుకున్న పని పూర్తికాకుండానే వదిలేయడం, పాత యజమానులు మళ్లీ మేస్త్రీగా పెట్టుకోకపోవడం, ఇవన్నీ ఆయన వివరంగా బయటపెట్టింది 1868లో, రోగి చనిపోయాక. అతను ‘ఇక గేజ్ కాడు’ అని స్నేహితులు అనుకున్నారని కూడా అప్పుడే రాశారు. మన ఇళ్లలో అనే మాటకూ దీనికీ తేడా ఏముంది?

చాలామంది కథను ఇక్కడే ఆపేస్తారు. నాకు మాత్రం ఆ తరువాతి భాగమే ముఖ్యమనిపిస్తుంది. 1852లో గేజ్ దక్షిణ అమెరికాలోని చిలీకి వెళ్లి, వాల్పరైసో, శాంటియాగో మార్గంలో సుమారు ఏడేళ్లు ప్రయాణికుల గుర్రపు బండి తోలాడు. రోజూ అదే వేళకు లేవాలి, గుర్రాలను సిద్ధం చేయాలి, ప్రయాణికులతో మర్యాదగా మెలగాలి, అదే దారిన వెళ్లి రావాలి. మార్పు లేని ఆ దినచర్యే అతణ్ణి చాలావరకు నిలబెట్టి ఉంటుందని మాల్కమ్ మెక్‌మిలన్ అనే పరిశోధకుడు వాదించారు. అది నిజమైతే, కోలుకునే దారిని గేజ్ ఏ డాక్టరు సలహా లేకుండానే వెతుక్కున్నాడన్నమాట. 1860లో ఫిట్స్ వచ్చి చనిపోయాడు. తలగాయం తరువాత ఏళ్లు గడిచాక కూడా ఫిట్స్ రావచ్చు.

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో కుర్ట్ గోల్డ్‌స్టైన్, రెండో యుద్ధంలో సోవియట్ దేశంలో అలెగ్జాండర్ లూరియా మెదడు గాయపడిన సైనికులను దీర్ఘకాలం గమనించి, వారికి శిక్షణ ఇచ్చారు. అయితే వాళ్ల ముందున్నవి ఎక్కువగా తూటా, పేలుడు గాయాలు. మోటారు వాహనాలు తెచ్చిన గాయం వేరు. పుర్రె పగలకపోయినా మెదడు లోపల కుదుపుకు గురవుతుంది. నుదుటి వెనక భాగం అడుగున ఉన్న ఎముక గరుకుగా ఉంటుంది కాబట్టి, దెబ్బ వెనక తగిలినా ముందు భాగం ఒరుసుకుపోతుంది. కోపాన్ని ఆపుకోవడం, ముందువెనకలు ఆలోచించడం ఆ భాగం చేసే పనులు. వాసన నరాలూ దాన్ని ఆనుకునే ఉంటాయి. మాడిన కూర వాసన తెలియకపోవడానికీ చెయ్యెత్తడానికీ సంబంధం అదే. మెదడంతా పరుచుకున్న సన్నని నరాల తంతువులు తెగిపోతాయని 1956లో ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన సబీనా స్ట్రిచ్ చూపారు. ఇలాంటివి మామూలు సీటీ స్కాన్‌లో చాలాసార్లు కనిపించవు.

1974లో గ్లాస్గో నగరంలో టీస్‌డేల్, జెన్నెట్ అనే వైద్యులు రోగికి స్పృహ ఎంత ఉందో తేల్చే ఒక కొలమానం ఇచ్చారు. కళ్లు తెరవడం, మాట, కదలిక చూసి 3 నుంచి 15 వరకు మార్కులు వేస్తారు. నేడు మన ఆసుపత్రుల కేసు షీట్లలో ‘జీసీఎస్’ అని కనిపించేది అదే. అదే నగరంలో నీల్ బ్రూక్స్ బృందం చేసిన పని మాత్రం అంత ప్రచారం పొందలేదు. వాళ్లు రోగులను కాదు, ఇంటివాళ్లను అడిగారు. తీవ్ర గాయమైన మూడు నెలలకు దాదాపు సగం మంది బంధువులు స్వభావం మారిందన్నారు. అయిదేళ్లకు ఆ మాట అన్నవారు నాలుగింట మూడు వంతులకు చేరారు. గాయం మానే కొద్దీ ఇంటి బాధ పెరిగింది. బ్రిటన్‌లో 1979లో, అమెరికాలో 1980లో ఈ సమస్య కోసం సంఘాలు పుట్టాయి. అమెరికా సంఘానికి మూలం గాయపడిన అమ్మాయి తల్లి.

మన దగ్గర ప్రాణం కాపాడే వైపు పని వేగంగానే జరిగింది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 సేవలు మొదలయ్యాయి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చి పేదలకు తల ఆపరేషన్లు అందుబాటులోకి తెచ్చింది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోగా 4,43,366 మంది గాయపడ్డారు. బతికి ఇంటికి చేరినవారి సంగతి చూసే వ్యవస్థ మాత్రం మెదడు, మానసిక వైద్యానికి పేరున్న బెంగళూరు నిమ్హాన్స్ వంటి కొద్ది చోట్లకే పరిమితం. న్యూరో సర్జన్ కుట్లు చూస్తారు. మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్దామంటే ‘నాకేమైనా పిచ్చా’ అని రోగి లేచిపోతాడు. అతను అబద్ధమాడటం లేదు, తనలో మార్పును గుర్తించాల్సిన భాగమే దెబ్బతింది. అందుకే ఇంటివాళ్లతో విడిగా మాట్లాడని ఫాలోఅప్ సగం ఫాలోఅప్ కూడా కాదు.

అడిగితే ఎన్నో తేలుతాయి. ఫిట్స్ రాకుండా ఇచ్చే లెవిటిరాసెటమ్ కొందరిలో చిరాకును పెంచుతుంది. డాక్టరు మందు మార్చవచ్చు, ఇంటివాళ్లు సొంతంగా ఆపడం మాత్రం ప్రమాదం. ఎప్పుడూ నీరసంగా, ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి దెబ్బతిని హార్మోన్లు తగ్గాయేమో రక్తపరీక్షలో చూడాలి. నిద్ర, మద్యం, కుంగుబాటు కూడా లెక్కలోకి వస్తాయి.

చట్టంలో ఈ గాయానికి సొంత చోటు లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను పేర్కొంది. మెదడు గాయం పేరు అందులో లేదు. నడవగలిగి, మాట్లాడగలిగిన మనిషికి మెడికల్ బోర్డు ఎంత శాతం వేస్తుందన్నది ఎప్పుడూ సందేహమే. ప్రమాదంలో మెదడు తీవ్రంగా దెబ్బతిన్న ఒక బాలిక కేసులో 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు పరిహారాన్ని 62.27 లక్షల రూపాయలకు పెంచింది. అందులో 21.6 లక్షలు ఇద్దరు సహాయకుల కోసం లెక్కగట్టినవి: నెలకు ఒక్కొక్కరికి అయిదు వేల చొప్పున. తన పనులు తాను చేసుకునే, కానీ రోజూ చెయ్యెత్తే భర్తను కనిపెట్టుకుని ఉండే భార్య చాకిరీకి ఆ లెక్కలో పద్దు లేదు.