కామిక్ కాన్ నుంచి నాణేల ప్రదర్శన దాకా: హాబీ మేళాల గురించి అపోహలు – వాస్తవాలు

ఒక హాబీలో తలపండినవాళ్ళు కూడా పక్క హాబీ వాళ్ళ హాల్లో అడుగుపెట్టగానే తడబడతారు. ప్రతి గుంపూ ప్రాణంగా చూసుకునేది వేరు కావడమే దీనికి కారణం. కాస్‌ప్లే, అంటే కామిక్స్, సినిమా పాత్రల వేషం కట్టే వాళ్ళకి చేతిపని ముఖ్యం. నాణేల వాళ్ళకి వస్తువు చెక్కుచెదరకుండా ఉండటం ముఖ్యం. రూబిక్స్ క్యూబ్ పోటీలకి వెళ్ళే క్యూబర్లు సెకనులో నూరో వంతు కోసం చూస్తారు, బోర్డ్ గేమ్ వాళ్ళు బల్ల చుట్టూ కూర్చున్న నలుగురి సమయం గురించి ఆలోచిస్తారు. మర్యాదలన్నీ అక్కణ్ణుంచే పుడతాయి. హాల్ మారినప్పుడు కొత్తవాళ్ళని ఎక్కువగా ఇబ్బంది పెట్టే అపోహలు ఇవి.

అపోహ: కామిక్ కాన్ అంటే వేషాలూ సినిమా ప్రచారమే.

అమెరికాలోని శాన్ డియాగోలో 1970లో మొదలైనప్పుడు అది కామిక్స్ చదివేవాళ్ళూ గీసేవాళ్ళూ కలుసుకునే చోటు. టోక్యోలో 1975లో మొదలైన కామిక్ మార్కెట్‌లో ఇప్పటికీ అభిమానులు సొంతంగా గీసి, అచ్చేయించుకుని తెచ్చిన పుస్తకాలదే పెద్దపీట. అక్కడ కొనడానికి వచ్చినవాళ్ళని కూడా కస్టమర్లుగా చూడరు, వాళ్ళూ మేళాలో పాల్గొనేవాళ్ళ కిందే లెక్క. మన దేశంలో కామిక్ కాన్ 2011లో ఢిల్లీలో మొదలై 2013లో హైదరాబాద్‌కి వచ్చింది. పెద్ద స్టాళ్ళ వెలుగులో కళ్ళు చెదిరి, ఆర్టిస్టులు కూర్చునే వరసని చూడకుండానే చాలామంది తిరిగొచ్చేస్తారు. మా దృష్టిలో టికెట్ డబ్బులు గిట్టుబాటయ్యేది ఆ వరసలోనే. బొమ్మ గీసిన మనిషి ఎదురుగా ఉంటారు, ఏ కాగితం వాడారో, ఏ ఇంకు వాడారో అడిగితే ఓపిగ్గా చెబుతారు.

ఏ3 సైజు ప్రింట్లు బ్యాగులో నలగకుండా అట్టగొట్టం ఒకటి వెంట తీసుకెళ్ళండి. వేలమంది ఒకే హాల్లో చేరితే సిగ్నల్ పడిపోయి యూపీఐ గిర్రున తిరుగుతూనే ఉంటుంది. అందుకని 100, 200 రూపాయల నోట్లు కొన్ని దగ్గరుంచుకోండి.

అపోహ: బేరం ఎక్కడైనా ఆడొచ్చు.

నాణేలు, స్టాంపుల బల్ల దగ్గర బేరం మామూలే. మొదట చెప్పే ధరలోనే దానికి చోటు ఉంచుతారు, నాలుగైదు వస్తువులు కలిపి తీసుకుంటే ఇంకాస్త తగ్గిస్తారు. వాడిన బోర్డ్ గేమ్‌లయితే డబ్బు లేకుండా మార్పిడి కూడా జరుగుతుంది. ఆర్టిస్టు బల్ల దగ్గర మాత్రం బేరం పనికిరాదు. అచ్చు ఖర్చూ, స్టాల్ అద్దే కాదు, ఆ బొమ్మ మీద పెట్టిన రాత్రులు కూడా ఆ ధరలోనే ఉన్నాయి. “మూడొందల ప్రింటు వందకిస్తావా” అనడం అక్కడ అవమానం కిందికే వస్తుంది. మూడు తీసుకుంటే తగ్గింపు ఉంటే వాళ్ళే బోర్డు మీద రాసిపెడతారు.

అపోహ: కాస్‌ప్లేకి లక్షలు పోయాలి. లేదంటే థర్మోకోల్‌తో చుట్టేయొచ్చు.

రెండూ తప్పే. కవచాల్లాంటివి చాలావరకు ఈవీఏ ఫోమ్‌తో చేస్తారు. పిల్లలు ఆడుకునే పజిల్ మ్యాట్లు ఎక్కువగా ఆ ఫోమే. వాటి మందం 10 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది కాబట్టి గుండె కవచానికీ భుజాలకీ సరిపోతాయి. చేతులకీ కాళ్ళకీ 5 మిల్లీమీటర్లది, పైన అంచులకీ నగిషీలకీ 2 మిల్లీమీటర్లది వాడాలి. యోగా మ్యాట్లు ఇందుకు పనికిరావు. వాటిలో చాలా వరకు పీవీసీవి, వేడి తగిలితే చెడ్డ పొగ వదులుతాయి. థర్మోకోల్‌తో చిక్కు ఇంకోటి. రబ్బరు జిగురులోనూ మామూలు స్ప్రే పెయింటులోనూ ఉండే సాల్వెంట్ దాన్ని కళ్ళముందే కరిగించేస్తుంది.

కొలత దగ్గర తప్పితే మిగతా పనంతా వృథా. పాత టీషర్టు వేసుకుని, దాని మీద ప్లాస్టిక్ క్లింగ్ ర్యాప్ చుట్టి, దాని మీద మాస్కింగ్ టేప్ రెండు పొరలు అంటించించుకోండి. కవచం గీతలు మార్కర్‌తో గీసి, కత్తిరించి తీసి, చదును చేస్తే నమూనా తయారు. లోపల వేసుకునే బట్టలకీ, ఊపిరి పీల్చినప్పుడు ఛాతీ పెరగడానికీ చుట్టుకొలతలో 3–4 సెంటీమీటర్లు అదనంగా ఉంచండి. బ్లేడు మొద్దుబారితే ఫోమ్ తెగదు, చిరుగుతుంది. అంచు పళ్ళు పళ్ళుగా వచ్చిందంటే బ్లేడు మార్చే సమయం వచ్చిందన్నమాట. లంబంగా కలవాల్సిన రెండు ముక్కల అంచుల్నీ 45 డిగ్రీల వాలుతో కోస్తే మూల బిగువుగా కుదురుతుంది.

జిగురు దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. చెప్పుల పనివాళ్ళు వాడే పసుపుపచ్చ రబ్బరు జిగురు, అంటే ఫెవికాల్ ఎస్ఆర్ రకం, రెండు అంచులకీ పల్చగా రాయాలి. రాసి వదిలేయాలి. పది పదిహేను నిమిషాల తర్వాత వేలితో ముట్టుకుంటే అంటీ అంటనట్టు ఉండాలి, వేలికి జిగురు రాకూడదు. అప్పుడే రెండు ముక్కల్నీ గట్టిగా నొక్కాలి. తడిగా ఉండగానే అంటిస్తే సాల్వెంట్ లోపలే చిక్కుకుపోయి, అతుకు మేళా మధ్యలో ఊడుతుంది. సరిగ్గా అంటిన అతుకుకీ ఎండలో నిలిపిన కారు శత్రువే. ఆ వేడికి జిగురు మెత్తబడి వంపు దగ్గర విడిపోతుంది. ఈ పని కిటికీలు తీసి చేయండి. గుడ్డ మాస్కు జిగురు ఆవిరిని ఆపదు, కార్బన్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు కావాలి.

రంగుకి ముందు హీట్ గన్‌ని ఒకచోట ఆపకుండా తిప్పుతూ ఫోమ్ మీద వేడి చూపించాలి. పైభాగం కొద్దిగా మెరుపు తేలిందంటే రంధ్రాలు మూసుకున్నట్టే. ఈ మెట్టు వదిలేస్తే ఫోమ్ రంగు తాగేసి మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. తర్వాత తెల్ల ఫెవికాల్‌లో కాసిన్ని నీళ్ళు కలిపి మూడు నాలుగు పల్చటి పూతలు వేసి, పూర్తిగా ఆరాక యాక్రిలిక్ రంగు వేయండి. నడుము, మోచేయి లాంటి వంగే చోట్ల ఈ పూత పగులుతుంది. అక్కడ సాగే గుణమున్న రబ్బరు స్ప్రే కోటింగ్ వాడాలి.

అంతా అయ్యాక ఇంట్లోనే వేసుకుని కూర్చోండి, మెట్లెక్కండి, నీళ్ళు తాగండి, ఎవరి సాయం లేకుండా బాత్రూమ్‌కి వెళ్ళిరాగలరేమో చూడండి. హెల్మెట్ ఉంటే నుదుటి దగ్గర చిన్న 5 వోల్టుల ఫ్యాను పెట్టి పవర్ బ్యాంకుకి కలపండి. అది లేకపోతే పది నిమిషాలకే కళ్ళద్దాలు మసకబారి దారి కనిపించదు.

అపోహ: కొన్న డ్రెస్ వేసుకుంటే కాస్‌ప్లే కాదు.

హాల్లో తిరగడానికి ఏ డ్రెస్సయినా చాలు. తేడా వచ్చేది పోటీలోనే. చేతిపని చూసే విభాగంలో ఏ భాగం ఎవరు చేశారని జడ్జీలు అడుగుతారు. మొదటి రోజు నుంచీ తయారీ ఫొటోలు తీసి ఉంచుకోండి. ఏవి కొన్నారో దాచకుండా చెప్పండి.

అపోహ: వేషం వేశారంటే ఫొటోకి ఒప్పుకున్నట్టే.

కాస్‌ప్లే వేసుకోవడం సమ్మతి కాదనే బోర్డులు న్యూయార్క్ కామిక్ కాన్‌లో 2014 నుంచి పెట్టారు. మనకీ అదే పద్ధతి. ముందు అడగండి. ఒప్పుకుంటే దారికి అడ్డం లేకుండా పక్కకి పిలిచి తీయండి. తింటున్నప్పుడు, హెల్మెట్ తీసి సేదతీరుతున్నప్పుడు, విగ్గు సర్దుకుంటున్నప్పుడు అడగనే వద్దు. రెక్కలు, కత్తులు ముట్టుకుని చూడటం ఫొటో కంటే పెద్ద తప్పు. నెలల పని ఒక్క వేలిపోటుకి విరుగుతుంది. టోక్యో కామిక్ మార్కెట్‌లో నియమాలు ఇంకా గట్టివి. ఇంటి నుంచి వేషంలో రాకూడదు, అక్కడి గదుల్లోనే మార్చుకోవాలి. మన దగ్గర ఆ నియమం లేకపోయినా తుపాకీ ఆకారపు వస్తువుని మెట్రోలో విడిగా పట్టుకుని రావద్దు. విడదీసి, బ్యాగులో పెట్టి తెచ్చి హాల్లో కలుపుకోండి. లోహపు కత్తి, పదునైన అంచు గేటు దగ్గరే ఆగిపోతాయి.

అపోహ: వేగం వచ్చాకే క్యూబ్ పోటీకి వెళ్ళాలి.

వరల్డ్ క్యూబ్ అసోసియేషన్ పోటీలకి అర్హత వేగం సాధారణంగా అడగరు. రంగులు చెదరగొట్టిన క్యూబ్‌ని పరిశీలించడానికి 15 సెకన్లు ఇస్తారు. 8, 12 సెకన్ల దగ్గర జడ్జి గుర్తుచేస్తాడు. 15 దాటి మొదలుపెడితే 2 సెకన్లు జరిమానా, 17 దాటితే ఆ ప్రయత్నం చెల్లదు. అయిదు ప్రయత్నాల్లో అన్నిటికంటే మంచిదీ చెడ్డదీ తీసేసి, మిగతా మూడింటి సగటు లెక్కిస్తారు. కొత్తవాళ్ళ కొంప ముంచేది టైమర్ ఆపే తొందర. ఆఖరి పొర సరిగ్గా తిప్పకుండానే చేతులు పెట్టేస్తారు. ఆ పొర 45 డిగ్రీల కన్నా ఎక్కువ పక్కకి ఉంటే ఇంకో 2 సెకన్లు కలుస్తాయి. మరో సంగతి, పోటీదారులే ఒకరికొకరు జడ్జీలుగా కూర్చుంటారు, క్యూబ్‌ల రంగులు చెదరగొట్టి ఇస్తారు. తమ రౌండు కాగానే పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోయే తల్లిదండ్రులకి ఇది ముందే తెలియాలి. ప్రేక్షకుల్లో ఉన్నవాళ్ళు ఫ్లాష్ ఆపేయండి.

అపోహ: పెట్టె మీద గంటన్నర అని ఉంటే ఆట గంటన్నరే.

ఆ లెక్క ఆట తెలిసినవాళ్ళకి. కొత్తవాళ్ళు ఉంటే నియమాలు చెప్పడానికి అరగంట కలుపుకోండి. మధ్యలో లేచిపోతే మిగిలిన ముగ్గురి సాయంత్రం పాడవుతుంది, కాబట్టి టైము లేకపోతే ముందే చెప్పి చిన్న ఆటకి కూర్చోండి. మిర్చిబజ్జీ తిన్న చేత్తో కార్డులు ముట్టుకోకండి. కార్డులకి తొడిగే కవర్లు, అంటే స్లీవ్‌లు, కొనేముందు కార్డు కొలవండి. 63.5×88 మిల్లీమీటర్ల దానికీ 59×92 దానికీ కవర్లు వేరు.

అపోహ: నాణేన్ని తళతళలాడేలా తోమి తెస్తే ధర పెరుగుతుంది.

మిగతా అపోహలు పరువు తీస్తే ఇది నిజంగా డబ్బు పోగొడుతుంది. చింతపండు, నిమ్మకాయ, పీతాంబరి ఏది పెట్టినా లోహపు పై పొర పోతుంది. అచ్చు గుద్దినప్పుడు ఏర్పడ్డ సన్నటి గీతల వల్లే కొత్త నాణేనికి ఆ సహజమైన మెరుపు వస్తుంది. అవి ఒకసారి పోతే మళ్ళీ రావు. తోమిన నాణేన్ని కొనేవాళ్ళు భూతద్దంతో చూడగానే పట్టేస్తారు. నాణేన్ని అంచుల దగ్గరే పట్టుకోవాలి, అదీ బల్ల మీద పరిచిన మెత్తటి గుడ్డకి దగ్గరగా. మెత్తటి పీవీసీ కవర్లలో ఏళ్ళ తరబడి ఉంచితే రాగి నాణేల మీద పచ్చటి జిగట చేరుతుంది, పాలియెస్టర్ కవర్లు వాడండి. స్టాంపులకి పట్టకారు తప్పనిసరి. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్ళలో ఆల్బమ్‌ని పడుకోబెట్టకుండా నిలబెట్టి, పక్కన సిలికా జెల్ ఉంచండి. లేదంటే వెనక బంక కరిగి పేజీకి అతుక్కుంటుంది.

నాణెం మీద సంవత్సరం కింద ఉన్న గుర్తు చూడటం కొత్తవాళ్ళకి మంచి మొదలు. అయిదు కోణాల నక్షత్రం ఉంటే అది హైదరాబాద్ టంకశాల నాణెం, డైమండ్ ఉంటే ముంబై, చుక్క ఉంటే నోయిడా. ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. సైఫాబాద్‌లోని పాత టంకశాల 2022 నుంచి మ్యూజియంగా నడుస్తోంది.

అపోహ: వైష్ణోదేవి నాణెం ఉంటే లక్షాధికారులే.

2012లో ఆ బొమ్మతో 5, 10 రూపాయల నాణేలు చలామణీలోకి వచ్చాయి, అవి అరుదైనవేమీ కావు. కొంటామని చెప్పి ముందు కమిషన్, పన్ను కట్టమనేవాళ్ళంతా మోసగాళ్ళే. తన పేరు చెప్పి ఇలా వసూలు చేస్తున్నారని రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. పొలంలోనో పునాదిలోనో పాత నాణేల కుండ దొరికితే మేళాకి తేవద్దు. 1878 నాటి చట్టం ప్రకారం 10 రూపాయలకు మించి విలువున్న నిధి దొరికితే కలెక్టర్‌కి రాతపూర్వకంగా తెలియజేయాలి. ఎక్కడ దొరికిందో, ఏ తేదీన దొరికిందో, ఎన్ని ఉన్నాయో అందులో రాయాలి.